పెరట్లో పాతిన ముక్క

మా ఆయనకు ఎడమ కిడ్నీ తీసేసిన కొన్నాళ్ళకు, విశాఖలో డాక్టరు గారు నా చేతిలో ప్లాస్టిక్ కవరులో వేసిన ఒక మైనపు బిళ్ళ పెట్టారు. కిడ్నీతో పాటు తీసేసిన క్యాన్సర్ గడ్డలోంచి కోసిన చిన్న ముక్క అందులో ఉందట. దాన్ని హైదరాబాదు ల్యాబుకు పంపితే, గడ్డలోని జన్యువుల్లో ఏవి మారాయో చూసి, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువో తక్కువో చెబుతారు. ఎక్కువైతే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి. "జాతకం కాదమ్మా, అంచనా మాత్రమే" అన్నారాయన. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. సంభావ్యత గురించి నాకే పాఠమా అని మరో రోజైతే ఒళ్ళు మండేది. ఆ రోజు తలూపి, బిళ్ళను టిఫిను డబ్బా పక్కన సంచిలో వేసుకున్నాను.

గరివిడిలో ఇంటికి చేరేసరికి శనివారం సాయంత్రమైంది. సోమవారం దాకా కొరియర్ లేదు. బిళ్ళను ఫ్రిజ్ మీద పెట్టాను.

"ఏటే అది?" అంది మా అత్త.

మీ అబ్బాయి కిడ్నీలో ముక్క అన్నాను. కాస్త సర్ది చెప్పి ఉండొచ్చు. ఆ రోజుల్లో నా నోట ఏ మాటైనా ఉప్పూ పప్పూ చెప్పినట్టే వచ్చేది.

ఆదివారం భోజనాలయ్యాక చూస్తే బిళ్ళ లేదు. "పాతీసినాను" అంది అత్త. పసుపు గుడ్డలో చుట్టి, పెరట్లో మునగచెట్టు మొదట్లో పాతిందట. మా ఇళ్ళల్లో పుట్టిన బిడ్డ మాయైనా, బొడ్డుతాడైనా మట్టిలోకి వెళ్ళాల్సిందే. "మడిసి ఒంట్లోంచి ఊడింది ఇంట్లో ఎట్టుకుంటే, మిగతా మడిసిని రమ్మంటాది" అంది.

నాకు కోపం రాలేదు. అప్పటికి నాకు ఏదీ రావడం మానేసింది. ఆయన లోపల మందుల మత్తులో పడుకుని ఉన్నారు. పార తెచ్చి తవ్వాను. అత్త గోడకు ఆనుకుని చూసింది గాని ఆపలేదు. గుడ్డ తడిసింది, కవరు లోపల బిళ్ళకు ఏమీ కాలేదు. మట్టి తుడిచి, చేతులు కడుక్కుని, మజ్జిగ కలిపాను. సోమవారం కొరియర్‌కి ఇచ్చేశాను.

కొన్ని వారాలకు మళ్ళీ విశాఖ వెళ్ళాం. రిపోర్టులో ఎక్కువ అని వచ్చింది. ఆ మార్పులు గడ్డ ఆయన ఒంట్లో ఉన్నప్పటివే, మట్టికి వాటితో పని లేదు. రైల్లో కొత్తవలస దాటేదాకా ఈ ముక్క అత్తకు ఎలా చెప్పాలా అని ఆలోచించి, తర్వాత అదీ మానేశాను.

గుమ్మంలోనే అడిగింది. ఆయనే చెప్పారు, "ఎక్కువేనటమ్మా."

అత్త నా మీదికి తిరిగింది. "నాను సెప్పలేదేటే? పాతిందాన్ని ఎవులైనా తవ్వుతారా? పోయిందాన్ని మళ్ళీ పిలిసి తెచ్చినావు!"

చెప్పడానికి బోలెడంత లెక్క ఉంది. సంచి కింద దించాను.

ఆయన చెప్పులు విప్పుతూ, "దాన్నేటి అంటావమ్మా? నానే తవ్వమన్నాను. నాకు తెలవాల. తెలిస్తే సూదులేయించుకుంటాను" అన్నారు.

అత్త ఆయన మొహంలోకి కాసేపు చూసి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తెచ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి, ఆపరేషన్ నాటి నుంచి రాని ఏడుపంతా ఏడ్చాను. బిళ్ళ పాతిన సంగతి గాని, తవ్విన సంగతి గాని మేమిద్దరం ఆయనకు చెప్పలేదు. ఆ గుమ్మంలోనే మొదటిసారి విన్నారు.