బోర్లలో పడని నీళ్లు

అప్పుడు నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. చంద్రగిరి దగ్గర మా ఊళ్లో వరసగా మూడేళ్లు వానల్లేవు. మా నాయన మూడు బోర్లు వేయించినా దుమ్ము లేచిందే తప్ప నీటి చుక్క పడలేదు. ఆ వేసవిలోనే ఆయనకు ఆయాసం మొదలైంది. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను.

డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. సూదితో తీయాలి" అన్నారు.

"మూడు బోర్లేసినా పడని నీళ్లు ఈడ పడినాయా సామీ!" అన్నాడు నాయన. నర్సులు నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

వీపులో సూది గుచ్చి నీరు తీస్తుంటే, ఎదురుగా నిలబడి ఆయన చేతులు పట్టుకున్నాను. సగంలో నాయనకు దగ్గు తెర వచ్చింది. మొహం పాలిపోయి కళ్లు తేలేశాడు. "నాయనా!" అని కేక పెట్టాను. డాక్టరు వెంటనే సూది తీసేసి, ఆయన్ని పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి నాయన కళ్లు తెరిచి, గుండె నిండా ఊపిరి పీల్చాడు.

"గాలి అడుగుదాకా పోతా ఉండాది పాపా. ఏడవాకు" అన్నాడు.

మందులు వాడి కోలుకుని, మరో ఆరేళ్లు బతికాడు. ఇప్పుడు లేడు. బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరైనా గట్టిగా ఊపిరి తీసుకుంటే చటుక్కున తిరిగి చూస్తాను. మా నాయన కాదని తెలిసినా, ఆయన దిగిపోయేదాకా వింటూనే ఉంటాను.