బోర్లించిన బొక్కెన

1992 జనవరి, సౌదీ ఉత్తర సరిహద్దు. యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా కువైట్ చమురు బావుల మసి ఇంకా ఇసుకలో చేతికంటేది. అన్నాళ్ళూ ఎవరికీ పట్టని ఒక సరిహద్దు ఊరికి సొంత మర్కజ్ రాబోతోంది. మర్కజ్ అంటే తమ పనులు తామే చక్కబెట్టుకునే చిన్న పాలనా కేంద్రం. అంతవరకు బిడ్డ పుట్టిన కాగితానికైనా, నీళ్ళ ట్యాంకరుకైనా నాలుగు గంటలు ప్రయాణం చేసి పట్నం పోవాల్సిందే. ఆ మర్కజ్ హద్దు కొలిచే సర్వేయర్ని నేను.

మా పాత థియోడలైట్, అంటే కోణాలు కొలిచే దుర్భిణి, లోకాన్ని తలకిందులుగా చూపేది. పొద్దుటి మంచులో కింద ఆకాశం, పైన ఇసుక, ఆ ఇసుకను కాళ్ళతో పట్టుకుని వేలాడుతూ ఒంటెలు. పని మరిచి అలాగే చూస్తుండేవాణ్ణి. కంటిని అద్దం నుంచి తీయబుద్ధయ్యేది కాదు.

ఊరికి పడమట ఒక బావి కనిపించింది. చుట్టూ నరమానవుడు లేడు. కొలత గొలుసు పట్టే మల్లేశు, మా జగిత్యాల వైపువాడే, బావి దగ్గర ఆగాడు.

"అన్నా, బొక్కెన బోర్లిచ్చి మీద రాయి వెట్టిండ్రు. మల్ల అస్తరు కావచ్చు."

నీకెందుకురా అని కసిరి, ఫీల్డ్ బుక్కులో 'ఖాళీ' అని రాసుకున్నాను. హద్దు బావికి ఇవతలే ఆగిపోయింది.

నేనేమో కురుమల ఇంట్లో పుట్టినవాణ్ణి! మా నాయన ఏడాదిలో సగం మందతో గోదావరి వెంట తిరిగేవాడు. అమ్మ కూడా వెంట పోయిన ఏడు, కుండ బోర్లించి మీద రాయి పెట్టి పోయేది. ఊళ్ళో ఎవరూ మా ఇంటిని ఖాళీ అనలేదు. పెన్ను చేతికి రాగానే నాకు గొర్రెల వాసన మరుపున పడింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

ఎండలు ముదిరాక, నేను గీసిన నక్షా రియాద్‌కు పంపే ముందు, హద్దు మేకులు సరిచూడ్డానికి మళ్ళీ వెళ్ళాం. ఆ బావి చుట్టూ ఇప్పుడు గుడారాలు, గొర్రెలు. మందలతో ఎడారిలో తిరిగే ముసలి బదూ ఒకాయన కూర్చోబెట్టి గహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోశాడు. కోడలికి నెలలు నిండాయట. కిందటి బిడ్డ పట్నం దారిలోనే పోయిందట. కొత్త మర్కజ్‌లో ఆసుపత్రి పెడుతున్నారని విన్నాడు. హద్దు గీతకు మేం ఏ వైపు అని అడిగాడు.

అవతల అని చెప్పలేక చెప్పాను. ఆయన నా చేతిలోని ఫింజాన్ గిన్నెను మళ్ళీ నింపాడు.

"మేం గడ్డి కోసం వెళ్ళాం నాయనా. వదిలి వెళ్ళలేదు."

ఆ సాయంత్రమే క్యాంపుకు తిరిగొచ్చాను. మా ఈజిప్టు ఇంజనీరు ముందు తప్పంతా నాదే అని ఒప్పుకున్నాను. పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇంటికి పంపేస్తాడని మల్లేశు భయపడ్డాడు, నేనూ భయపడ్డాను. ఇంజనీరు నక్షా బల్ల మీద పరిచి, బ్లేడు నా ముందుకు తోశాడు.

"గీసింది నువ్వు. గీకేదీ నువ్వే."

ట్రేసింగ్ కాగితం మీది సిరాను బ్లేడుతోనే గీకాలి. ఆ మధ్యాహ్నమంతా గీకాను. కొత్త గీత బావికి అవతల నుంచి పోయింది. వెలుతురుకు ఎత్తి చూస్తే పాత గీత మచ్చ ఇంకా కనిపించింది. ఇంజనీరు దాని పక్కనే సంతకం పెట్టాడు.

చాలా ఏళ్ళకు మాకూ సొంత రాష్ట్రం వచ్చింది. ఆ సంబరంలో సెలవు పెట్టి ఊరికొస్తే ఓటర్ల జాబితాలో నా పేరు లేదు. ఇంటికి తాళం చూసి 'ఖాళీ' అని రాశానన్నాడు జాబితా రాసినాయన. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. ఆ మాట నేనూ రాసినవాణ్ణే.

ఆయన్ను ఇంటికి తీసుకెళ్ళాను. తాళం తీసి, వంటింట్లో నేను బోర్లించి పోయిన కుండనూ, దాని మీది రాయినీ చూపించాను.