నాన్న చొక్కాకు గోళ్లరంగు వాసన

మా చిన్నప్పుడు మా ఊరు మస్కిలో... నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పగానే అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది.

నాన్న టెంటు సినిమాలో మిషన్ మీద బొమ్మ వేసే ఆపరేటరు. చొక్కాకు బీడీ వాసన, మిషన్ నూనె వాసన మామూలే. ఆ వేసవిలో మాత్రం కొత్తగా గోళ్లరంగు వాసన మొదలైంది. మా ఇంట్లో గోళ్లకు రంగు వేసుకునేవాళ్లు ఒక్కరూ లేరు!

పైగా పక్కింటి ఖాజాబీ చూసిందట... నాన్న గాజుల అంగడిలో గోళ్లరంగు తుడిచే మందు సీసా కొంటుంటే. "నీకే తీస్కున్నడనుకున్న అక్కా" అనేసి పోయింది. ఇంకేముంది...

అప్పటి నుంచి నాకూ ప్రతిదీ అనుమానమే. ఇంట్లో బ్లేళ్లు మాయమయ్యేవి, నాన్న గడ్డం మాత్రం అలాగే ఉండేది. చివరికి వంటింట్లో పీట కూడా కనిపించలేదు. ఇడపనూరు అమ్మమ్మ, అమ్మ పెళ్లికి చేయించి ఇచ్చిన టేకు పీట అది. అడిగితే నాన్న "నాకేం తెల్సు" అని చూపు తిప్పుకున్నాడు.

"నా పీట గూడ ఆమెకే ఇచ్చిండు" అని అమ్మ తేల్చేసింది. ఆ 'ఆమె' ఎవరో మాకు తెలీదు. నేనైతే మనసులో ఆమెకు ఎర్రటి గోళ్లు, ఎత్తు మడమల చెప్పులు కూడా పెట్టేశాను.

ఒక ఆదివారం అమ్మ ట్రంకు పెట్టె సర్దింది. పుట్టింటి బస్సెక్కే ముందు మొహం మీదే అడిగేద్దామని, మధ్యాహ్నం పూట నన్ను లాక్కుని టెంటుకు నడిచింది. ఇక నాన్న మాతో ఉండడని నాకు దారంతా ఏడుపే.

క్యాబిన్ తలుపు తోసింది. గుప్పున అదే వాసన... లోపల నాన్న ఒక్కడే. ముందు మా పీట, సగానికి కోసి!

"ఏంది గిది?"

"పాత రీళ్లు ఊకె తెగుతున్నయే. అతికే మిషన్ కొనమంటే ఓనరు కొంటలేడు. టేకు అయితే వంగదని..." నాన్న నసిగాడు. "చెప్తే పీట కోసం లొల్లి చేస్తవని భయమైంది."

పీట మీద రెండు సన్న మేకులు. తెగిన ఫిల్మ్ అంచు రంధ్రాలను వాటికి తగిలించాడు. బ్లేడుతో పైపొర గీకాడు. గోళ్లరంగు తుడిచే ఆ సీసా మందులో ఫిల్మ్ ముక్కలు కరిగించి చేసుకున్న జిగురు రాసి, రెండో కొసను పైన పెట్టి అదిమాడు. కాసేపాగి అమ్మ చేతికిచ్చాడు.

"గుంజు."

అమ్మ ఉన్న కోపమంతా పెట్టి గుంజింది. ఊడలేదు. మళ్లీ గుంజింది... "అమ్మిచ్చిన పీట కోస్తివి గదయ్యా" అంటూ నవ్వుతూనే ఏడ్చేసింది. ఆ రోజు బస్సెక్కలేదు.

ఇప్పుడు సినిమా ఫోన్లోనే వస్తోంది, తెగేదీ లేదు, అతికేదీ లేదు. నాన్న కూడా లేడు. మొన్న మా అమ్మాయి గోళ్లరంగు వేసుకుంటుంటే, అమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చి వీధి తలుపు వైపు చూస్తూ నిలబడిపోయింది.

"ఏందమ్మా?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా... మీ నాయిన వచ్చిండనుకున్న."

మీ ఇళ్లలో కూడా ఇలా ఉత్తపుణ్యానికి అనుమానపు చూపులు భరించిన వాళ్లున్నారా? రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.