అంట తీసేసి చెప్పు

మా అత్తమ్మను ఊరి నుంచి వెళ్లగొట్టాలని పంచాయితీ పెట్టిన రోజు మా గూడెంలో సెల్‌ఫోన్ సిగ్నల్ బాగానే ఉంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, చేతబడి అనగానే చాలామంది అదేదో పాతకాలం ముచ్చట అనుకుంటారు. చర్ల అవతల అడవి ఊళ్లలో అది నిన్నమొన్నటి సంగతే.

పక్కింటి కోడలి పసివాడికి జ్వరం. దవాఖానాలో ఇచ్చిన గోలీలకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. జ్వరం మొదలైన రోజు వాడిని మా అత్తమ్మ ఎత్తుకుంది. ఆమె మొగుడు పోయిన మనిషి, ఇప్పపువ్వు ఏరుతూ తనలో తాను మాట్లాడుకుంటుంది. జనానికి అది చాలు. ముసలామె మంత్రం పెట్టిందంట అని ఊరంతా ఒకటే మాట.

కులపెద్ద తన పందిరి కింద మంచం మీద కూర్చున్నాడు. ఆయనా జబ్బకు తాయెత్తు కట్టుకునే మనిషే, అందుకే నాకు భయం. అత్తమ్మ నా కొంగు పట్టుకుని నేల మీద కూర్చుంది. ఊరు దాటమంటే ఆ వయసులో ఎక్కడికి పోతుంది? నేనూ వెంట పోదామని మనసులో చీరలు మూట కట్టేశాను.

పసివాడి చిన్నాయన లేచాడు. "మా ఇంటెనక నిమ్మకాయ పాతిందంట, పెద్దయ్యా."

"ఆగు. అంట తీసేసి చెప్పు."

"అంటే ఏంది?"

"పాతిందంట, చేసిందంట అనుడు బంద్. ఈ పందిరి కింద అంట నడవదు. నీ కండ్లతోని చూసిందే చెప్పు."

"నిమ్మకాయ పాతి..." అతను వెనక్కి తిరిగి ఆడవాళ్ల వైపు చూశాడు. "నేను చూడలే. మా పెద్ద వదిన చెప్పింది."

ఆ పెద్ద వదిన చేతులు తిప్పింది. "నాకేం ఎరుక? బోరింగు కాడ అనుకుంటుంటే విన్న."

"అయితే బోరింగును పిలుద్దామా? అదొచ్చి సాక్ష్యం చెప్తదేమో!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నాయనకు రోషం వచ్చింది. "చేతబడే లేదంటవా? మరి నీ జబ్బకు ఆ తాయెత్తేంది?"

పెద్దాయన తాయెత్తును తడుముకున్నాడు. "ఉందో లేదో నాకు తెల్వదు తమ్మీ. నాకూ భయమే. నా భయానికి ఈ మనిషిని అడవి పాలు చెయ్యాల్నా?"

అప్పుడు పసివాడి తల్లి వాడిని భుజాన వేసుకుని ముందుకు వచ్చింది. "నేను చూసిన."

అత్తమ్మ వేళ్లు నా కొంగులో బిగుసుకున్నాయి.

"ఏం చూసినవ్ బిడ్డా?"

"ఆ రోజు నేను చేను కాడికెల్లి ఉరికొచ్చేసరికి వీన్ని ఒళ్లో పెట్టుకున్నది. తడిబట్టతోని ఒళ్లు తుడుస్తున్నది." ఆమెకు ఏడుపు వచ్చింది. "ఇంకేం చూడలే పెద్దయ్యా."

"అయితే ఈ ఊరు చూసింది గంతే. లేవండ్రి. పిలగాన్ని మళ్ల దవాఖానాకు తోల్కపోండ్రి, జల్దీ."

ఈసారి రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. పిల్లవాడు కోలుకున్నాడు.

తర్వాత మా గూడెంలో అలాంటి పంచాయితీ పెట్టలేదు. ఆశా కార్యకర్త వల్ల, పోలీసుల భయం వల్ల అంటారు. కావచ్చు. కానీ ఎవరైనా గుసగుస మొదలుపెడితే ఇప్పటికీ ఇంకొకరు "బోరింగును పిలుద్దామా?" అంటారు. తాయెత్తు విప్పకుండానే ఆ పెద్దాయన మాకు అడగడం నేర్పాడు.

తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక అంగన్‌వాడీలో మధ్యాహ్నాలు అక్షరాలు దిద్దాను. గుణింతాలు పట్టుబడగానే పలక మీద 'అంట' అని రాసి అత్తమ్మకు చూపించాను.

"గిదేనా? నన్ను ఊరు దాటియ్యబోయిన మాట గింత చిన్నదా?" అంటూ వంగి చూసింది. "నడుమ ఆ గుండ్రం ఏంది?"

"సున్న, అత్తమ్మా."

బొటనవేలు తడిచేసుకుని, తీరిగ్గా మొత్తం తుడిచేసింది. తర్వాత పలక నా ఒళ్లోకి జరిపింది.

"ఇగ నా పేరు రాయి."