మలుపుకి ముందే

మా తమ్ముడి సంగతి రాసుకో, అమ్మడూ. వాడు మద్రాసులో కార్ల పందేలు గెలిచాడు గానీ, వాడి మొదటి బండి ఒక చెక్క పలక. రైసు మిల్లువాళ్లు పారేసిన నాలుగు బేరింగులే దానికి చక్రాలు, ముందు ఇరుసుకి కట్టిన కొబ్బరితాడు పగ్గం. ఏటిగట్టు మీంచి తోటలోకి దిగే బాటలో వదిలితే ఇక ఆగేది కాదు. అడుగున మలుపు, మలుపు పక్కనే తోటకి నీళ్లు పారే బోదె. పిల్లలందరూ ఆ నీళ్లలో పడేవాళ్లు. నేను పడేదాన్ని కాదు. మలుపుకి ముందే కాలు నేలకి ఆనించి, మలుపులో ఎత్తేసేదాన్ని. వాడు బురద కొట్టుకుపోయి ఏడుస్తుంటే వాడికీ అదే నేర్పాను.

నాకు ఓణీ వేసిన రోజున అమ్మ ఆ బండి వాడికిచ్చేసింది. ఆ తర్వాత వాడు జర్రున దిగుతుంటే నేను గట్టు మీద కూర్చుని ఎండబెట్టిన కొబ్బరికి కాకుల కాపలా కాశాను.

వాడు అమలాపురంలో బస్సు క్లీనరయ్యాడు. మద్రాసు వెళ్లి మెకానిక్కయ్యాడు. షెడ్డు యజమాని కారునే పందెంలో తోలాడు. కొన్నేళ్లకి కలకత్తా, సిలోను కూడా వెళ్లి దొరల మీద గెలిచాడు. వాడి ఫోటో పేపర్లో పడిన రోజు అత్తారింట్లో పప్పు మాడబెట్టాను. పరాకుతో కాదు, కడుపుమంటతో.

వెండి కప్పు పట్టుకుని వాడు ఊరొచ్చినప్పుడు నేనూ పుట్టింటికి వెళ్లాను. అరుగు నిండా జనం. అంత వేగంలో కారు పల్టీ కొట్టదా అని మునసబుగారు అడిగారు.

“మలుపుకి ముందే బ్రేకెయ్యాలండీ. మలుపులో వదిలెయ్యాలి.”

“ఎవరు నేర్పేరు బాబూ?”

“ఎవరూ లేరండీ. తోలగా తోలగా అదే వచ్చేసింది.”

కొబ్బరినీళ్ల గ్లాసు వాడి చేతికిస్తూ మెల్లిగా అడిగాను. “బోదెలో పడకుండా ఎవరు ఆపేర్రా నిన్ను?”

వాడు నా మొహంలోకి చూశాడు. “ఏ బోదె, అక్కా?”

దాచాడనుకుంటే అక్కడే నాలుగు తిట్టేదాన్ని. వాడికి నిజంగానే గుర్తు లేదు.

ఆ కప్పు అమ్మ దేవుడి గూట్లో పెట్టింది. పుట్టింటికెళ్లినప్పుడల్లా విబూదితో తోమడం నా పని. అంతా తళతళలాడేట్టు తోమి, వాడి పేరు చెక్కిన చోటు మాత్రం వదిలేసేదాన్ని. నల్లబడిపోయింది. అమ్మ అడిగితే, సందుల్లో మురికి వదలట్లేదమ్మా అన్నాను.

అమ్మ పోయాక కప్పు నేనే తెచ్చుకున్నాను. అదుగో, గూట్లో ఉంది. నువ్వూ ఆ చోటు తోమకు. ముందే కాలు ఆనించాలన్న ముక్క నాదని మాత్రం రాయి. పెద్దక్షరాలతో రాయి.