బావ ఇంజనుకు నేను చేసిన మరమ్మతు

సంవత్సరీకం పెట్టిన ఇంట్ల నవ్వులపాలైన మనిషిని మీరు ఎన్నడూ చూడకపోతే, గిప్పుడు నన్ను చూడుండ్రి. చుట్టాల మీద ఆముదం చల్లిన, కాకిని తరిమిన, పోయిన మనిషి గుర్తును నా చేతులతోనే ఇరగ్గొట్టిన.

మా బావ భూపాలపల్లి బొగ్గుబాయిల ఫిట్టర్. ఆయన దగ్గర నిమ్మకాయంత బొమ్మ విమానం ఇంజను ఉండేది, మా బాపుల కాలం నాటిది. కిరోసిన్, ఈథర్, ఆముదం కలిపి పోస్తే నడిచేది. ఐతారం వస్తే దాన్ని చెక్క విమానానికి బిగించి, తీగలు పట్టుకొని గ్రౌండుల గుండ్రంగ తిప్పేటోడు. ఆ సప్పుడు క్వార్టర్ల దాకా ఇనపడేది. అది ఆగిందంటే మనిషి ఇంటికొస్తున్నడని అక్క కంచం పెట్టేది.

బావ గుండె ఆగి పోయిండు. సంవత్సరీకం దగ్గర పడ్డంక అక్క ఫోన్ చేసింది. విమానం ఎగరేసుడు వద్దు, ఆ సప్పుడొక్కసారి ఇనాలె, జర తీస్కపోయి నడిచేటట్టు చెయ్యిరా అన్నది. జనగామల నాకు బైకుల రిపేర్ షాపున్నది. ఆమె అడిగింది తుడిచి నూనె పెట్టే పని. కానీ పోరగాండ్ల బైకులకు స్పీడు పెంచి పేరు తెచ్చుకున్న చెయ్యి నాది, ఊకుంటదా?

గాలి గుంజే రంధ్రం పెద్దగ చేసిన. పొగ పోయే సందును ఆకురాయితోని రాకిన. పిస్టన్ లోపల గీకి బరువు తగ్గించిన. దొంగ డాక్టరు చేతిల పడ్డ పేషెంటు లెక్క అది కిక్కురుమనలేదు. స్టార్ట్ చేస్తే మాత్రం కందిరీగలు మైకు ముందట కొట్లాడినట్టు అరిచింది. నేను మస్తు ఖుషీ అయిన.

సంవత్సరీకానికి మహబూబాబాద్ నుంచి కూడ చుట్టాలొచ్చిండ్రు. గోడ మీద పిండం పెట్టి అందరం కాకి కోసం చూస్తున్నం. ఎంతకూ రాదు. ఏదో కోరిక మిగిలిపోయింది, అందుకే వస్తలేడు అన్నడు బావ వాళ్ల పెద్దనాయిన. ఆ కోరిక ఏందో నాకే ఎరుకన్నట్టు లేచిన. భోజనాలైనంక నడుపుదువులే అని అక్క వంటింట్ల నుంచే చెప్పింది. నేను అప్పటికే ఇంజనును బల్లకు బిగిస్తున్న.

కాకి అప్పుడే వచ్చి గోడ మీద వాలింది. నేను ఫంకా రెక్కను వేలితోని కొట్టిన.

ఇంజను గావుకేక పెట్టింది. కాకి చెల్పూర్ దిక్కు పోయింది, మళ్ల రాలేదు. నల్లటి ఆముదం పెద్దనాయిన ధోతి మీద, పప్పుగిన్నెల పడ్డది. ఇంకా మంచిగ పలుకుతదని లోపల ఒత్తిడి పెంచే పై స్క్రూను మరింత బిగించిన. లోపల ఏదో టక్కుమని ఇంజను ఆగిపోయింది. అంతే.

"గిదేం కోరికరా," అన్నడు పెద్దనాయిన, ధోతి చూసుకుంట.

అక్క గరిటెతోనే బయటికొచ్చింది. "ఇది ఆయన సప్పుడు కాదురా," అన్నది.

ఏడుస్తదనుకున్న, ఏడవలేదు. లోపల ఇరిగిన పిస్టన్ కడ్డీ ఇంకొకటి దొరికినా, నేను గీకిన ఇనుము మళ్ల పెరగదు కద. పిండం ఆవుకు పెట్టిండ్రు. అందరు పప్పుగిన్నె పక్కకు జరిపి తిన్నరు.

అక్క ఇంజనును తువ్వాలల చుట్టి బీరువాల పెట్టింది. బస్సుకు పోతుంటే గడప దాకా వచ్చి, "తమ్మీ, నేను పోయినంక నా మిక్సీ జోలికి మాత్రం రాకు," అన్నది. ఆమె నవ్విందో లేదో చూసే ధైర్యం నాకు లేకుండె.

అందుకే నా పానాల మీద ఒట్టేసి చెప్తున్న: పోయినోళ్ల మిషన్లకు గుడ్డతోని దుమ్ము దులుపుత, అంతే. బతికున్నోళ్ల మిక్సీకైతే అది కూడ చెయ్య.