దీపాలవేళ కొంగలు

దేవునికే మహిమ! ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ప్రథమఫలాల ఆదివారం సాక్ష్యం నువ్వే చెప్పాలమ్మా అని పాస్టరుగారు అన్నప్పుడు, నాకు మాటల కన్నా కూరలే బాగా వచ్చండీ అన్నాను, అయితే కూర సంగతే చెప్పమ్మా అన్నారు, అందుకని ధైర్యం చేసి నిలబడ్డాను, ఎక్కడైనా దారి తప్పితే మీరే వెనక్కి లాగండి.

మా ఇల్లు మీకు తెలుసు, కొత్తపేట పోయే దారిలో గోదావరి గట్టు కింద, ఇంటి ముందు పాయ, పాయ దాటితే నీళ్ళ మధ్య లంక, మా చేలు అక్కడే. ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఇక్కడ అన్నిటికన్నా నచ్చింది సాయంత్రం. కొబ్బరాకుల మధ్య నుంచి ఎండ పల్చబడి, నీళ్ళ మీద పొగలాగా ఏదో లేచి, ఆవలి లంకలో చేలూ మనుషులూ పడవలూ అన్నీ ఒకే రంగులోకి కరిగిపోతుంటే, ఇంట్లో పని వదిలేసి గట్టెక్కి అలా చూస్తూ ఉండిపోయేదాన్ని, మా ఆయన ఏసుపాదం లంకలో పని ముగించుకుని పడవలో వస్తూ అక్కడి నుంచే కేకేసేవారు. అలాంటి నాకు ఒక ఏడాది సాయంత్రమే లేకుండా పోయింది! పగలు అయ్యాక నేరుగా రాత్రే. తొంభైల చివర్లో మాట ఇది.

మా పాప కరుణ పుట్టిన కొద్ది నెలలకి నాకు పచ్చకామెర్లు వచ్చాయి. నాటువైద్యుడి దగ్గర పసరు పోయించారు, పథ్యం చెప్పారు, నూనె వద్దు, కూర వద్దు, పాత బియ్యం అన్నంలో చప్పిడి చారు, పల్చటి మజ్జిగ. కామెర్లు తగ్గేదాకా అని ఆ వైద్యుడు చెప్పారు. కామెర్లు తగ్గాయి, పథ్యం తగ్గలేదు! ఎందుకంటే పథ్యం మా అత్తగారు రత్నమ్మగారి చేతిలో ఉంది. ఆవిడ పెద్దకొడుకు, అంటే మా బావగారు, కామెర్ల నుంచి లేచిన వెంటనే ఒక పెళ్ళిభోజనానికి వెళ్ళి, కడుపునిండా తిని వచ్చి, మళ్ళీ మంచం పట్టి పోయాడు. ఆయన పోయింది కూర వల్లో కాదో నాకు తెలియదు, మా అత్తగారికి మాత్రం ఆ పెళ్ళివారి కూరే తన కొడుకుని తీసుకుపోయినట్టు. అందుకని నా కంచంలోకి ఒక పచ్చని ఆకు రాకుండా ఆవిడ కాపలా కాసేవారు. ప్రేమే, సహోదరులారా, ప్రేమ కాదని నేను ఎప్పుడూ అనను. ఇంటి నిండా లంక కూరగాయలు, గుమ్మం పక్కన బెండకాయలు, చూరు కింద గుమ్మడికాయలు, దొడ్లో మునగచెట్టు, పొయ్యి మీద మిగతావాళ్ళకి తోటకూర పప్పు ఉడుకుతుంటే ఆ వాసన పీల్చుకుంటూ నేను చప్పిడి చారు జుర్రుకునేదాన్ని!

నెలలు గడిచేకొద్దీ నా కళ్ళకి ఏదో అయింది. పగలు అంతా బాగానే ఉండేది, సూదిలో దారం ఎక్కించేదాన్ని. పొద్దు వాలిందంటే చాలు, ఎవరో నా ముఖం మీద తడిగుడ్డ కప్పినట్టు, తలుపు ఎక్కడ, గోడ ఎక్కడ, మనిషెవరు, ఏమీ తెలిసేది కాదు. దీపం పెడితే దీపం ఒక్కటే ఎర్రగా కనబడేది, దాని చుట్టూ ఉన్న ఇల్లు కనబడేది కాదు. ఒక సాయంత్రం పాప అరుగు మీద ఆడుకుంటూ ఉంది, అప్పుడే నడక నేర్చిన పిల్ల, నేను పక్కనే ఉన్నాను, గజ్జెల చప్పుడు వినబడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు పాయ వైపు పోయింది, తర్వాత ఆగిపోయింది. అయ్యో దేవుడా! నేను చేతులతో నేల తడుముకుంటూ, పిల్ల పేరు పెట్టి అరుస్తూ, ఎటు పోతున్నానో తెలియకుండా మునగచెట్టుకి గుద్దుకుని పడ్డాను. నీళ్ళ అంచున ఉన్న పిల్లని పక్కింటి సుందరమ్మ చూసి ఎత్తుకొచ్చింది. నా బిడ్డ నా ముందే నీళ్ళలోకి నడిచిపోతుంటే తల్లినై ఉండి నేను చూడలేకపోయాను.

ఆ రోజు నుంచి దీపాలు పెట్టాక పాపని నా చేతికి ఇవ్వడం మానేశారు. తప్పు పట్టను, నేనైనా అదే చేసేదాన్ని. కానీ సహోదరీలారా, తల్లులు మీకు తెలుస్తుంది, పక్క గదిలో పిల్ల అమ్మా అమ్మా అని ఏడుస్తుంటే, వాళ్ళ నానమ్మ జోకొడుతుంటే, నేను గోడకి ఆనుకుని కూర్చుని వినడం! మా చుట్టాలు కొందరు, దాన్ని పుట్టింటికి పంపేయండి, పిల్ల ఇక్కడే పెరుగుతుంది అని కూడా అన్నారు. పంపేస్తారనే భయంతోనే రోజులు గడిచేవి. అప్పుడు నేను పెద్ద ప్రార్థనలు చేయలేదు, నాకు చేతనూ కాదు. ఒక్కటే అడిగేదాన్ని: "ప్రభువా, నన్ను బాగుచెయ్యమని కూడా అడగను, దీపాలవేళ నా బిడ్డ మొహం ఒక్కసారి నాకు చూపించు తండ్రీ, ఒక్కసారి చాలు."

సుందరమ్మ ఊరుకోలేక ఒకరోజు మా అత్తగారితో అననే అంది. "రత్నమ్మొదినా, అది రేచీకటమ్మా, పొన్నగంటికూరో, మునగాకో పెట్టి చూడరాదూ?" అంది. మా అత్తగారు చేట పక్కన పడేసి లేచారు. "కామెర్లొచ్చినదానికి ఆకుకూర పెట్టమంటావేటే? ఒకణ్ణి మట్టిలో పెట్టొచ్చేను, చాల్లేదా నీకు?" అన్నారు. సుందరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. మా ఆయన లంకలో రాజులాంటివారే గానీ వాళ్ళమ్మ ముందు నోరెత్తితే ఒట్టు. ఆ ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు.

ఇక వినండి, దేవుడు ఎంత చమత్కారం చేశాడో! గోదావరి వరద తీసి, లంక మీద కొత్త ఒండ్రు ఆరి, మొదటి కూరలు చేతికొచ్చిన రోజుల్లో మన మందిరంలో ప్రథమఫలాలు. అప్పట్లో ఇది తాటాకుల మందిరం. బల్ల ముందు గంపలు, గంపల్లో తోటకూర, పొన్నగంటి, బచ్చలి, మునగాకు, చీల్చిన గుమ్మడికాయ పచ్చగా బంగారంలాగా, ఆ తడి ఆకుల వాసనకి నేను చాప మీద కూర్చునే తేలిపోతున్నాను. ఆరాధన అయ్యాక గంపలకి వేలం పాట పెడతారు కదా, ఆ పద్ధతి మీకు కొత్త కాదు, పాట ఎవరి మీద ఆగితే గంప వాళ్ళది, తిరిగి ఇవ్వకూడదు, ఆ పూటే వండాలి, ఇంట్లో ఉన్న ప్రతి మనిషీ ఆ కూర తినాలి, ఒక్కరికి పెట్టకపోయినా కానుకని కాదన్నట్టే. మన పెద్దల నాటి కట్టుబాటు అది.

ఆకుకూరల గంపకి పాట మొదలైంది. ఎవరో ఒకరు పాడారు. ఇంకా ఎవరైనా ఉన్నారా అని సంఘపెద్దగారు చుట్టూ చూశారు. సరిగ్గా అప్పుడు మా అత్తగారు కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి, పెదవులు కదుపుతూ ఏదో ప్రార్థన చేసుకుంటున్నారు. సంఘపెద్దగారు ఆ చెయ్యి చూశారు. "రత్నమ్మగారి పాట! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" అంటూ గంప తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టేశారు! చల్లటి తోటకూర మోకాళ్ళకి తగిలి ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు.

"నేనెక్కడ పాడేనండీ? ప్రార్థన చేసుకుంటన్నానండీ బాబూ!"

"ప్రార్థనో, పాటో, చెయ్యి మటుకు లేచింది కదండీ. ప్రభువు ముందు మూడోసారి అనేసేనండీ, ఆయ్, ఇంక తిరగదు."

మందిరం అంతా ఒకటే నవ్వు, పిల్లలతో సహా. మా అత్తగారు నవ్వలేదు. గంప నెత్తిన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచారు.

ఆ మధ్యాహ్నం వంట ఆవిడే చేశారు. తోటకూర పప్పులో వేశారు, పొన్నగంటి తరిగి పచ్చికొబ్బరితో వేయించారు, గుమ్మడికాయకి కాస్త బెల్లం పెట్టి పులుసు కాచారు. ఆవాలు కింద పడుతున్నాయి, కళ్ళు తుడుచుకుంటున్నారు, ఉల్లిపాయలేమో అనుకుందామంటే ఆ రోజు ఉల్లిపాయే తరగలేదు. నాకు కంచం పెట్టి నా ఎదురుగా కూలబడి, "తినవే. దేవుడి కూర. నేను పెట్టలేదు, ఆయనే పెట్టేడు" అన్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆ రుచి ఎలా చెప్పను! వర్షం పడ్డప్పుడు లంక నేల వాసన ఉంటుంది చూడండి, అది నాలుక మీదకి వచ్చినట్టు, నాలో ఎండిపోయినదంతా ఒక్కసారి తడిసినట్టు. నేను ఏడుస్తూ తిన్నాను, తింటూ ఏడ్చాను. ఆ రోజంతా మా అత్తగారు నా నుదురు, నా కళ్ళు, నా గోళ్ళు చూస్తూనే ఉన్నారు, పచ్చబడతాయేమో అని. ఏమీ కాలేదు! తెల్లవారాక ఆవిడే కొంగు బిగించి మునగచెట్టు కొమ్మ వంచారు. ఆ రోజూ ఆకే, మర్నాడూ ఆకే.

ఆ వారం ఇంకా గడవలేదు. పొద్దు వాలుతున్నప్పుడు అరుగు మీద కూర్చున్నాను, అలవాటు ప్రకారం చీకటి వస్తుందని ఎదురుచూస్తూ. వచ్చే చీకటి రాలేదు. పాయ మీద వెలుతురు పల్చబడుతోంది కానీ పోవడం లేదు, నీళ్ళ మీద పొగ లేస్తోంది, అవతల లంక గట్టు సన్నగా గీత గీసినట్టు ఉంది, అదంతా కలేమో అనుకుని కదలకుండా కూర్చున్నాను, కదిలితే చెదిరిపోతుందని భయం. అప్పుడు ఆ బూడిదరంగు ఆకాశంలో తెల్లగా ఏవో, నిదానంగా, ఒక దాని వెనక ఒకటి.

"అత్తా, కొంగలు" అన్నాను.

లోపల గిన్నె జారిన చప్పుడు. "ఏ కొంగలే?" అంటూ ఆవిడ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు.

"అవిగో అత్తా, లంక మీదకి పోతన్నాయి."

ఆవిడ కొంగల వైపు చూడనేలేదు. లోపలికి వెళ్ళి పాపని తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టారు. దీపాలవేళ నా బిడ్డ మొహం! పాలపళ్ళు, చెంప మీద అంటిన మెతుకు, కాటుక చెరిగిన కళ్ళు, అన్నీ చూశాను, నా చేతులతో తడమకుండా నా కళ్ళతో చూశాను! ఒక్కసారి చాలన్నాను కదా, ఆయన ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ప్రతి సాయంత్రమూ చూపిస్తూనే ఉన్నాడు. హల్లెలూయ!

తర్వాత అమలాపురంలో డాక్టరుగారికి చెబితే, అది విటమిను లోపం అమ్మా, ఆకుకూరలు తిన్నావు కాబట్టి తగ్గింది అన్నారు. నేను కాదన్నానా? విటమినే. ఆ విటమిను ఆకులో పెట్టినవాడెవరు, ఆ ఆకు నా కంచంలోకి రానివ్వని మనిషి ఒళ్ళోకే తెచ్చి పెట్టినవాడెవరు, అది చెప్పండి! మా అత్తగారు చాన్నాళ్ళకి నాకు చెప్పారు, ఆ రోజు చెయ్యెత్తి ఏమడిగారో: "నా కొడుకుని తీసుకున్నావు, అడగలేదు. నా కోడలి కళ్ళయినా నాకియ్యి ప్రభువా, నాకు దారి తెలవటంలేదు." ఆ మాట పూర్తయ్యేసరికి గంప ఒళ్ళో ఉంది!

ఆ కృతజ్ఞతతోనే కూరల పని మొదలైంది. ముందు బాలింతలున్న ఇళ్ళకి, జబ్బు పడి లేచినవాళ్ళ ఇళ్ళకి ఊరికే ఇచ్చి వచ్చేవాళ్ళం. తర్వాత కొత్తపేటలో వాళ్ళూ అడగడంతో మా ఆయన సైకిలుకి రెండు గంపలు కట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు, ఇప్పుడు ఆటో వచ్చింది. మందు కొట్టం, పశువుల ఎరువు, గోదావరి ఒండ్రు, అంతే. ఇప్పుడు దాన్ని ఆర్గానిక్ అంటున్నారట, అనుకోనివ్వండి. కానీ ఒక నియమం పెట్టుకున్నాం, ఏ కాలంలో లంక ఏదిస్తే గంపలో అదే. ఒక టీచరుగారు ఎండాకాలంలో కాలీఫ్లవరు తెమ్మంటే మా ఆయన, "పనసపొట్టు తెచ్చేనండి, ఆవపెట్టి వండుకోండి, కాలీఫ్లవరు చలికాలం వస్తదండి, దాన్ని ఇప్పుడు పిలిస్తే పలకదండి" అన్నారట. వరదల్లో లంక మునిగితే కందా, అరటికాయా, ఎండబెట్టిన వరుగులూ పంపుతాం. కంద బచ్చలి ఎలా వండాలో గంప దింపేటప్పుడు నేను గుమ్మంలోనే చెబుతాను, వినకపోతే వంటింట్లోకి వెళ్ళి వండి పెట్టి వస్తాను, నా సంగతి మీకు తెలిసిందే!

మా అత్తగారు ఆ తర్వాత ఏటా ప్రథమఫలాల పాటలో చెయ్యెత్తేవారు, ఈసారి కళ్ళు తెరిచి. ఆ గంపని జబ్బుమనిషి ఉన్న ఏదో ఒక ఇంటికి మోసుకెళ్ళి, దగ్గర కూర్చుని తినిపించి వచ్చేవారు. పోయినేడు ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. చివరి రోజుల్లో ఆవిడకీ చూపు మందగించింది, సాయంత్రం అరుగు మీద నా పక్కన కూర్చుని, "కొంగలు వచ్చేయేటే?" అని అడిగేవారు, నేను చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. ఆవిడకి బదులు నేను చూశాను, నాకు ఆ కళ్ళు ఇప్పించింది ఆవిడ చెయ్యే కదా.

సహోదరులారా, ఇంకాసేపట్లో గంపలకి పాట మొదలవుతుంది. ఆకుకూరల గంప అదిగో, కిటికీ దగ్గర, మా కరుణ పొద్దున్నే మంచులో కోసింది, పదో తరగతి చదువుతోంది ఇప్పుడు. మీలో ఎవరింట్లోనో పొద్దు వాలగానే చీకటి కమ్ముతూ ఉండవచ్చు, అది ఏ చీకటో నాకు తెలియదు, ఎవరికీ చెప్పుకోలేనిదే అయి ఉండవచ్చు. మీరు పాట గురించి ఆలోచించకండి, రూపాయల సంగతి మా ఆయన చూసుకుంటారు. కళ్ళు మూసుకుని మీ మనసులో మాట ఆయనకి చెప్పుకోండి, చెయ్యి దానంతట అదే లేస్తే లేవనివ్వండి. గంప వచ్చి ఒళ్ళో పడితే మాత్రం మా అత్తగారిలా కంగారు పడకండి, ఇంటికి తీసుకెళ్ళి వండి అందరికీ పెట్టండి, సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆకాశం వైపు చూడండి. దేవునికే మహిమ, ఆమేన్.